కేకేయకుండా మిద్దెక్కింది

మాంసం బేసిను ఒళ్ళో పెట్టుకుని బతూల్ పై మెట్టు మీద, మూసిన తలుపు వెనక కూర్చుంది. తలుపు తీస్తే మిద్దె. మిద్దె మీద ఆగస్టు ఎండ. బేసినులో నిన్న సాయంత్రం ధనియాలూ వెల్లుల్లీ జీలకర్రా ఉప్పూ సిర్కా పులుపూ దట్టించి నానేసిన మాంసం, మూరెడు పొడుగున చీల్చిన ముక్కలు, చలికాలానికి కొవ్వులో వేసి దాచుకునే ఖలీకి. ఆ ఎండకూ ఈ మాంసానికీ మధ్య ఒక్క చెక్క తలుపు. గడియ తీస్తే అయిపోతుంది. తీయడం లేదు. మాంసం ఆగదు కదా అని తెగించి పొద్దున్నే సగం ముక్కలు తాళ్ళ మీద వేసింది, మిగతా సగం చేతికి తీసుకోబోతుంటే పక్కింటి గోడ మీదనుంచి ఒక మగ గొంతు, టీవీలో వార్తలు చదివేవాడి గొంతు, "హెచ్చరిక. మీరు నిఘాలో ఉన్నారు. దయచేసి ఈ ప్రదేశాన్ని వెంటనే ఖాళీ చేయండి" అంది. అంతే, బేసిను ఎత్తుకుని, తల వంచుకుని, ఒక చెప్పు అక్కడే వదిలేసి మెట్లలోకి వచ్చి పడింది. ఒళ్ళు మండుతున్నది ఆ గొంతు మీద కాదు. గొంతుదేముంది. తను పరిగెత్తినందుకు. అత్తగారు బతికున్న రోజుల్లో కూడా ఈ మిద్దె మీదనుంచి తను పరిగెత్తలేదు. పిడుగు పడ్డ రోజు కూడా బట్టలు తీసుకునే దిగింది. ఈ రోజు పరిగెత్తింది, పెట్టకూడని చోట చెయ్యి పెట్టి దొరికిపోయిన దానిలా, తన మిద్దె మీదనుంచి తను. మాంసం వాసన ముక్కుకు తగులుతోంది, ఇంకా మంచి వాసనే, మధ్యాహ్నం దాటితే ఇలా ఉండదు, ఈ ఉక్కలో పులుస్తుంది. చలికాలమంతా పొద్దున్నే గుడ్డు కొట్టి దీంట్లో వేసుకుని తినాల్సిన మాంసం మెట్ల మీద చీకట్లో కూర్చుని పులిసిపోతుంది, తనతో పాటు.

ఎండకు చెక్కలు విడిపోయి తలుపుకు వేలెడు సందుంది. కన్ను ఆనించి చూసింది. ఉంది, అక్కడే ఉంది, ఎక్కడికి పోతుంది. పక్కింటి సీ థామి మిద్దె మూల, పిట్టగోడ మీద పాతిన ఇనప గొట్టానికి, ఆ కెమెరా. తెల్లటి ఒళ్ళు, నల్లటి గుండ్రటి మొహం, మొహంలో ఒక ఎర్రచుక్క. మనిషి కనబడితే మెడ తిప్పుతుంది. అటు పోతే అటు, ఇటు వస్తే ఇటు. పావురం వాలితే తిప్పదు, దుప్పటి ఎగిరితే తిప్పదు, తెలివైనదట, మనిషేదో మనిషి కానిదేదో దానికి తెలుసట. సీ థామి చెప్పాడు, కొడుక్కి పెద్ద ఉద్యోగం వచ్చిందని చెప్పుకునే తండ్రిలా చెప్పాడు. రాత్రనక పగలనక మేలుకునే ఉంటుందట, తిండి అడగదట, నిద్ర లేదట, సెలవు లేదట. అవును మరి, కాపురం లేదు, పిల్లలు లేరు, నడుం నొప్పి లేదు, దానికేం. ఇప్పుడు ఎదురు మిద్దె వైపు చూస్తోంది. అది ముసలి రహీమూ మిద్దె, అక్కడ ఎవరూ లేరు. రహీమూ కూడా తన మెట్ల తలుపు వెనకే కూర్చుని ఉంటుంది, ఒక్క రహీమూ ఏమిటి, ఈ వీధి మిద్దెలన్నిటి మీదా ఒక్కో తలుపు వెనక ఒక్కో ఆడది తడిబట్టల బుట్టతోనో, ఎండబెట్టాల్సిన మిరపకాయలతోనో, తలకు గోరింటాకు పెట్టుకునో, ఇలాగే సందులోంచి చూస్తూ ఉంటుంది. రంజాన్ పండగ వెళ్ళాక పెట్టించాడు దాన్ని. దాని సంగతి తెలిసినప్పటినుంచి ఫెజ్ పాతబస్తీలో ఈ ముక్క ఆకాశం కింద ఆడవాళ్ళు లేరు. కొంగలున్నాయి.

చెడ్డవాడా అంటే సీ థామి చెడ్డవాడు కాదు, అందుకే ఇంకా మంట. చెడ్డవాడైతే ఒక తిట్టు తిట్టి ఊరుకోవచ్చు. సందులో ఎదురైతే ఇన్నేళ్ళుగా ఏనాడూ మొహమెత్తి చూడలేదు, గోడకు ఒత్తిగిలి నిలబడి, గోడతోనే మాట్లాడేవాడు, "అంతా క్షేమమేనా లల్లా బతూల్, పిల్ల బాగుందా" అని ఆ గోడనే అడిగేవాడు. తన మొగుడు పోయినప్పుడు శుక్రవారం శుక్రవారం కుస్కుస్ పళ్ళెం పంపించాడు, తలుపు దగ్గర పెట్టించి తను వీధి మలుపులోనే ఆగిపోయేవాడు. అలాంటి మనిషి. ఆ మనిషి దగ్గరికే కదా వెళ్ళింది తను, ఒళ్ళంతా కప్పుకుని, ఆయన కొట్లో తివాచీల కట్టల మధ్య నిలబడి, నాయనా, నీ గోడ మీద పెట్టినదేదో మా మిద్దె వైపు తిరుగుతోంది, కాస్త చూడు, అని మర్యాదగా చెప్పింది. మొహం చాటంత చేసుకున్నాడు. ఫోన్ తీశాడు.

"ఎంత స్పష్టంగా ఉందో చూడు లల్లా! వెంట్రుక వెంట్రుకా విడిగా కనబడుతోంది. రాత్రైనా ఇంతే. నా ఫోన్‌కొస్తుంది, పిల్లలిద్దరికీ వెళ్తుంది, కొట్లో గుమాస్తాకీ వెళ్తుంది. మేమంతా పడుకున్నా కాసాబ్లాంకాలో కంపెనీవాడొకడు కూర్చుని చూస్తూనే ఉంటాడు."

ఫోన్‌లో ఒక ఆడది. గౌను కుచ్చెళ్ళు నడుముకు దోపుకుని, పిక్కలు బయటపెట్టుకుని, చేతులు భుజాల దాకా ఎత్తికట్టి, తలమీద ఏమీ లేకుండా, గోరింటాకు పట్టిన జుట్టు వీపు మీద ఆరబోసుకుని, వంగి టమాటా ముక్కలు పరుస్తోంది. చుట్టూ ఆకుపచ్చ గీతల చట్రం. ఎవరీ సిగ్గులేనిది అనుకుంది ఒక క్షణం, నిజంగా అనుకుంది, తర్వాత ఆ గౌను గుర్తుపట్టింది.

"సీ థామీ, అది నేను."

"నువ్వే మరి! మొహం కూడా తెలుస్తోంది కదా!"

ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా బతూల్‌కి చెవులు వేడెక్కుతాయి. ఇప్పుడూ వేడెక్కాయి. ఆయన తనని చూడలేదు. అది ఆమెకు తెలుసు, ఒట్టేసి చెప్పగలదు. ఆయన చూసింది ఆ గాజుబిళ్ళ గొప్పతనాన్ని, ఆకుపచ్చ గీతని, వెంట్రుక వెంట్రుకని. ఆ జుట్టు ఒక మనిషిది అన్నది ఆయన బుర్రకు తట్టలేదు. ఇన్నేళ్ళూ గోడకు తిరిగిన మనిషి, తన పిక్కలు తనకే చూపించి మెచ్చుకోమన్నాడు. గుమాస్తా అక్కడే నిలబడి తివాచీ దులుపుతున్నాడు, వాడు చూసే ఉంటాడు, వాడి వయసెంత, పాతికుంటుందా. ఇద్దరు కొడుకులు. కాసాబ్లాంకాలో ఎవడో. మొగుడు తప్ప ఏ మగాడూ చూడని జుట్టు, ఆయన కూడా దీపం ఆర్పాకే చూసిన జుట్టు. ఆ కాసాబ్లాంకావాడు ఇప్పుడు రొట్టె నములుతూ చూస్తుంటాడేమో. "లల్లా, ఇది నీకూ కాపలాయే, నీ మిద్దె కూడా ఊరికే కాస్తోంది, పైసా ఇవ్వక్కర్లేదు" అన్నాడు సీ థామి. దణ్ణం పెట్టాలి కాబోలు. పెట్టకుండా వచ్చేసింది. ఏమీ అనకుండా వచ్చేసింది, అదీ తప్పే, అప్పుడే అక్కడే ఆ తివాచీల మధ్య అనాల్సింది.

డిష్షు బాగుచేసేవాడు వస్తాడు. పొగగూడు దులిపేవాడు వస్తాడు, గోడకు సున్నం పూసే తాపీమేస్త్రీ వస్తాడు. ఏ ఒక్కడైనా మెట్ల అడుగున నిలబడి "యా సాతిర్! యా సాతిర్!" అని గొంతు చించుకోకుండా, మరుగు చేసే దేవుణ్ణి పిలవకుండా పైకి అడుగు వేశాడా. వేస్తే బతుకుతాడా. ఆ కేక వినబడితే ఈ మిద్దెనుంచి ఆ మిద్దెకు, ఆ మిద్దెనుంచి అవతలి మిద్దెకు ఆడవాళ్ళే అందించుకుంటారు, మగాడొస్తున్నాడే, మగాడొస్తున్నాడే అని. కండువాలు తలలెక్కుతాయి, కుచ్చెళ్ళు కిందికి జారతాయి, వాడు నేల చూపులతో వచ్చి నేల చూపులతో పని చేసుకుని పోతాడు. అమ్మమ్మ చెప్పేది, వాళ్ళ పేటలో మసీదు పైనుంచి పిలుపు ఇవ్వడానికి గుడ్డివాణ్ణి వెతికి తెచ్చుకున్నారట, గొంతు అంత బాగుండకపోయినా పర్లేదని. దేవుడి పేరు పిలిచేవాడికే అంత కట్టడి. ఇది ఏ రోజు కేక వేసింది? ఎండాకాలం మొదలైన దగ్గర్నుంచి నోరెత్తకుండా చూసింది, కడుపునిండా చూసింది, చూసి చూసి ఈ రోజు పొద్దున నోరు తెచ్చుకుని కేకేస్తే, ఆ వేసిన కేక తను తప్పుకుంటానని కాదు, నువ్వు తప్పుకో అని.

మొఖద్దమ్ దగ్గరికీ వెళ్ళింది. పేటకు ప్రభుత్వం పెట్టిన పెద్దమనిషి, ఏదో ఒకటి అంటాడని. టీ పోశాడు. "గోడ ఆయనది లల్లా, ఆయన గోడ మీద ఆయన పెట్టుకున్నాడు, నేనేం చెయ్యను" అన్నాడు. గోడ ఆయనది. సరే. చూపు ఎవరిది? చూపు పడే చోటు ఎవరిది? ఆ ప్రశ్న అక్కడ తట్టలేదు, ఇంటికొచ్చి రొట్టెల పిండి పిసుకుతుంటే తట్టింది, మంచి మాటలన్నీ పిండి పిసికేటప్పుడే తడతాయి. తర్వాత ఉన్ని దుప్పట్లు తెచ్చి అడ్డంగా తాడు మీద వేసింది. మర్నాడే సీ థామి పెళ్ళాం కెంజా చేత కబురు, దుప్పట్లు తీసేయమని, కంపెనీవాడు ఫోన్ చేసి కనబడటం లేదంటున్నాడని. కనబడటం లేదట! వాడికి కష్టంగా ఉందట! ఆ కబురు కూడా కెంజా వీధి తలుపు దగ్గరికి వచ్చి చెప్పింది, తల మీదనుంచి మడమల దాకా కప్పుకుని, ఎవరింటికో వచ్చినట్టు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

కెంజా వీధి తలుపు దగ్గరికి రావడం. పెళ్ళై ఈ రెండు ఇళ్ళకూ ఒకే ఏడు వచ్చారు ఇద్దరూ, ఆ కాలమంతటిలో కెంజా తన వీధి తలుపు ఎన్నిసార్లు తొక్కిందో వేళ్ళ మీద చెప్పచ్చు, దారి వీధిది కాదు, పిట్టగోడది. పిట్టగోడ మీదనుంచి పళ్ళెం అటు పోయేది, పళ్ళెం ఇటు వచ్చేది, ఖాళీ పళ్ళెం ఏనాడూ వెనక్కి రాలేదు, ఏమీ లేకపోతే నాలుగు పుదీనా రెమ్మలైనా వేసి ఇచ్చేది. తన కూతురు నుజ్‌హా పుట్టినప్పుడు నొప్పులు మిద్దె మీదే మొదలయ్యాయి, కెంజాయే గోడ దూకి వచ్చింది, నిండు నెలలతో తనూ ఉండి దూకింది, పిచ్చిది. ఆ నెలలు నిండిన బిడ్డే తర్వాత దక్కలేదు. కింద గదుల్లో మగవాళ్ళు, బంధువులు, ఏడవకూడదు, దేవుడిచ్చాడు దేవుడు తీసుకున్నాడు అంటున్నారు. కెంజా బట్టలు ఆరేసే వంకతో పైకొచ్చింది. ఇదిగో ఈ తాళ్ళ మధ్యే తన ఒళ్ళో తల పెట్టి గుడ్డ కొరుకుతూ ఏడ్చింది, పాలు వచ్చి జాకెట్టు తడిసిపోయింది, ఆ పాలు పిండేసిన చోటు ఎవరికీ తెలియలేదు, ఎవరూ చూడలేదు, అటు మిద్దెల మీద ఆడవాళ్ళు చూసి కూడా వీపులు తిప్పుకుని బట్టలు దులిపారు. అప్పుడు అది ఉండి ఉంటే? అప్పుడు ఆ ఎర్రచుక్క అక్కడ ఉండి ఉంటే ఆకుపచ్చ గీతల చట్రంలో కెంజా కూడా గుమాస్తా ఫోన్‌లోకి వెళ్ళేది. ఈ సంగతి సీ థామికి తట్టదా. అది ముందు చూసేది ఆయన మిద్దెనే కదా, ఆయన పెళ్ళాన్నే కదా. కెంజా పైకొచ్చి ఎన్నాళ్ళయింది. ఆమె బట్టలు కింద నడవాలో ఆరేస్తోందట, ముక్కిన వాసన వస్తున్నాయట. ఎందుకు నోరెత్తవే కెంజా, నీ మొగుడే కదా, నీ మంచం మీదే కదా పడుకునేది, చెవిలో ఒక్క మాట చెప్పలేవా.

ఇంతకీ ఎందుకు పెట్టాడు. ఒక పాత తివాచీ పోయింది. కొండ పల్లెలనుంచి తెచ్చింది, మంచి రేటు పలికేది. తాళం పగల్లేదు, కిటికీ విరగలేదు, కాబట్టి మిద్దె మీదనుంచే వచ్చి ఉంటారు అని తేల్చేశాడు. మిద్దె మీదనుంచి అంటే ఎవరు? మిద్దెల మీద ఉండేది ఎవరు? ఆ మాటకు అర్థం ఆయనకు తెలియకపోయినా వీధిలో ఆడవాళ్ళందరికీ తెలిసింది. వాళ్ళకు ఇంకొకటి కూడా తెలుసు. ఆయన పెద్ద కొడుకే ఆ రోజు తెల్లారగట్ల భుజాన తివాచీ అంత మూట వేసుకుని దిగాడు, అతని నడక ఎవరికి తెలియదు, చిన్నప్పుడు ఈ మిద్దెల మీదే డేకాడు. తను చూసింది. రహీమూ చూసింది. అవతలి వాళ్ళూ చూశారు. ఎవరూ నోరు విప్పలేదు, కొంపలో గొడవ ఎందుకు, కుర్రాడు, బుద్ధొస్తుంది. పాత రోజుల్లో ఒకసారి నిజం దొంగే వచ్చాడు, సీ థామి నాన్న బతికున్నప్పుడు, అటు తోళ్ళు నానేసే వైపునుంచి మిద్దెలు దాటుకుంటూ. ఎవరు పట్టించారు? కొట్టు కుర్రాళ్ళా? తన అత్తగారు ఆ పరాయి అడుగు విని కేక పెట్టింది, పక్క మిద్దె అందుకుంది, వాడు ఎటు తిరిగితే అటు ఒక ఆడగొంతు, చివరికి వాడే ఏడుస్తూ వీధిలోకి దూకి కాలు విరగ్గొట్టుకున్నాడు. మూడు తరాల తివాచీలు అలా నిలిచాయి. ఎవరైనా జీతం అడిగారా. ఇప్పుడు కాసినవాళ్ళే దొంగలు. కాసినవాళ్ళని తలుపుల వెనకకు తోసి, ఊళ్ళో లేనివాడికి కాపలా ఇచ్చాడు.

"అమ్మా, ఇంకా అక్కడే ఉన్నావా?" కిందనుంచి నుజ్‌హా. రెండు వీధుల అవతల కాపురం, మాంసానికి సాయం పట్టడానికి వచ్చింది.

"ఉన్నా."

"కండువా కప్పుకుని, జెలాబా తొడుక్కుని వెళ్ళి వేసెయ్యరాదూ? పావుగంట పని. దానితో పంతమేంటమ్మా, అదొక సామాను."

బతూల్ కన్ను మళ్ళీ సందుకే ఆనించింది. జెలాబా తొడుక్కుని. ఈ ఎండలో, మడమల దాకా దిగే ఆ అంగీలో, మాంసం నీళ్ళు మోచేతుల దాకా కారుతుంటే, పొడుగు చేతులు వేలాడేసుకుని. అది కాదు అసలు. ఈ రోజు కప్పుకుంటే రేపూ కప్పుకోవాలి. రేపు కప్పుకుంటే నుజ్‌హా కూతురు పుట్టినప్పటినుంచీ కప్పుకుంటుంది, మిద్దె కూడా వీధే అనుకుంటుంది. ఆడదానికి వీధిలో కప్పుకునేది ఉంది, మగ చుట్టం వస్తే కప్పుకునేది ఉంది, ఇంట్లో వంగి నడిచేది ఉంది. నడుం చాచుకుని, చంకలకు గాలి తగలనిచ్చి, జుట్టు దులుపుకుని, నోటికొచ్చింది పాడుకునేది ఈ నాలుగు గోడల మీది కాస్త చోటే. దాన్నే అడిగాడు. కాదు, అడగకుండానే తీసుకున్నాడు.

సందులో ఏదో కదిలింది.

పిల్లి. తోళ్ళ బజారునుంచి వచ్చే నల్లది, ఒక చెవి లేనిది, దాన్ని ఈ వీధిలో తెలియనివాళ్ళు లేరు. సీ థామి పిట్టగోడ మీద, ఆ ఇనప గొట్టం పక్కనుంచే, తోక గొట్టానికి రాసుకుంటూ తీరిగ్గా నడిచి వచ్చింది. ఆగి ఒళ్ళు నాక్కుంది. తన మిద్దె మీదికి దూకింది. తాడు కింద కూర్చుని పైకి చూసింది, ఏ ముక్క బాగుందా అని ఎంచుకుంటున్నట్టు. వెనక కాళ్ళ మీద లేచి, పొడుగ్గా సాగి, ఒక ముక్క చివర పట్టుకుని లాగింది. ముక్క రాలేదు. మళ్ళీ లాగింది. బతూల్ కెమెరా వైపు చూసింది. అది రహీమూ మిద్దెనే చూస్తోంది. మెడ తిప్పలేదు. పిల్లి కదా, మనిషి కాదు. ముక్క ఊడి వచ్చింది, పక్కది కూడా దాంతో పాటు జారి సున్నం మీద పడింది, పిల్లి రెండూ కలిపి నోట కరుచుకుందామని చూస్తోంది, ఆత్రగొట్టుది. హెచ్చరిక లేదు. నిఘా లేదు. ఖాళీ చేయమనడం లేదు. రేయింబవళ్ళ కాపలా! నీ మిద్దెకూ ఊరికే కాస్తోంది లల్లా!

గడియ ఎప్పుడు తీసిందో ఆమెకు తెలియదు. ఎండ మొహాన కొట్టింది. జుట్టు ముడి ఊడి భుజం మీద పడింది. పొద్దున వదిలేసిన చెప్పు అందుకుని విసిరింది, పిల్లి ఒక ముక్క వదిలి ఒక ముక్కతో గోడెక్కి మాయమైంది. అప్పుడు మెడ తిరిగింది దానిది. నింపాదిగా, సన్నగా గిర్రుమంటూ.

"హెచ్చరిక. మీరు నిఘాలో ఉన్నారు."

కాళ్ళు వాటంతట అవే మెట్ల వైపు తిరిగాయి. బతూల్ తన కాళ్ళను చూసుకుంది. మళ్ళీ ఇటు తిప్పింది.

"ఎవర్రా నువ్వు?" అంది. గొంతు తనది కాదేమో అన్నంత పెద్దగా వచ్చింది. "ఎవర్రా నన్ను పొమ్మనేది? పిల్లి నా మాంసం ఈడ్చుకుపోతుంటే కళ్ళప్పగించి చూశావు! నేనొస్తే మొరుగుతావా? ఇది నా మిద్దె! నా మొగుడి తాతది! నువ్వెప్పుడొచ్చావ్, మొన్న పండక్కి కాదూ?"

"దయచేసి ఈ ప్రదేశాన్ని వెంటనే—"

"నోర్ముయ్!"

ఎదురు మిద్దె తలుపు వెనకనుంచి రహీమూ గొంతు. "ఎవరితోనే బతూల్, పొద్దున్నే?"

"కాసాబ్లాంకావాడితో!"

"ఏమంటాడు?"

"నా మిద్దె నన్నే ఖాళీ చెయ్యమంటున్నాడు!"

"అద్దె వాడు కడుతున్నాడా ఏంటి?" తలుపు కిర్రుమంది. రహీమూ బయటకొచ్చింది, కర్ర పట్టుకుని, తెల్లటి జడ ఎలకతోకలా వేలాడుతుంటే, లోపలి గౌనుతోనే. "నన్నూ చూసుకోమను. ఎనభై దాటిన దాన్ని చూస్తే వాడి ఖర్మ, అన్నం సయించదు."

అవతల ఎవరో నవ్వారు. ఒక తలుపు తెరుచుకుంది. ఇంకొకటి. తడిబట్టలతో ఒకతె, పిండి చేతులతో ఒకతె, తలనిండా గోరింటాకు మెత్తుకుని ఒకతె, చంకలో పిల్లతో ఒకతె. కండువాలు లేవు. ఎవరూ ఎవరినీ పిలవలేదు. కెమెరా రహీమూ వైపు తిరిగింది, సగంలో ఆగి బతూల్ వైపు తిరిగింది, పిండి చేతులామె వైపు తిరిగింది, "హెచ్చరిక, మీరు" అంది, "హెచ్చరిక" అంది, "హెచ్చ" అంది, దాని మెడకు ఎటు పోవాలో తోచడం లేదు. "తల తిరుగుతోందే పాపం, ఉల్లిపాయ వాసన చూపించండి" అని అరిచింది గోరింటాకామె. ఎన్నాళ్ళయింది ఈ మిద్దెల మీద ఇంత నవ్వు విని.

ఆ నవ్వులో మెట్ల మీద అడుగుల చప్పుడు ఎవరికీ వినబడలేదు. సీ థామి ఒక్క ఊపున తన మిద్దె మీదికి వచ్చి పడ్డాడు, ఫోన్ చేత్తో పట్టుకుని, రొప్పుతూ, "ఎవరు? ఎంతమంది?" అంటూ. కేక వేయలేదు. యా సాతిర్ లేదు, దగ్గు లేదు, ఏమీ లేదు. పట్టపగలు, ఇన్ని విప్పిన జుట్ల మధ్యకు.

మిద్దెలన్నీ ఒక్కసారి అరిచాయి. కొంగలు లేచిపోయాయి.

ఆయన మొహం సున్నంలా తెల్లబోయింది. గిరుక్కున తిరిగి, మెట్ల గది గోడకు నుదురు ఆనించి, జెలాబా తలగుడ్డ ముక్కు దాకా లాక్కుని నిలబడిపోయాడు. చేతిలో ఫోన్ మోగుతూనే ఉంది.

"తప్పైంది! తప్పైంది! నేనేం చూడలేదు, దేవుడి సాక్షి! ఫోన్ ఒకటే మోత, మిద్దెల మీద గుంపు పడిందని చెబుతోంది, దొంగలనుకుని—"

"కేక వెయ్యలేదేం సీ థామీ?" బతూల్ పిట్టగోడ దాకా వచ్చింది.

"కంగారులో మర్చిపోయా లల్లా."

"మర్చిపోయావు. కానీ తిరిగావు. నిన్నెవరూ తిప్పలేదు, నీ అంతట నువ్వే గోడకు తిరిగావు. నీ అమ్మ నేర్పింది. దానికెవరు నేర్పారు? నువ్వు ఒక్క క్షణం చూసి సిగ్గుతో చస్తున్నావే, అది పండగనుంచీ చూస్తోంది, చూసి నీ గుమాస్తాకు చూపిస్తోంది!"

సీ థామి నుదురు గోడకు ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు. ఫోన్ మోత ఒక్కటే.

"నేను అలా అనుకోలేదు లల్లా," అన్నాడు చివరికి, గోడతో. "కంపెనీవాడితో మాట్లాడతాను. సంవత్సరానికని రాసుకున్నాం. ఆ గడువు కాస్తా తీరాక..."

గడువు. బతూల్ నోరు తెరిచింది, అంతలో ఆయన వెనక, మెట్ల గది తలుపులో కెంజా కనబడింది. చేతులకు సబ్బు నురగ, తల మీద ఏమీ లేదు, జుట్టు ఎంత నెరిసింది, ఎప్పుడు నెరిసింది. కెంజా మొగుడి వీపు వైపు చూసింది. బతూల్ వైపు చూసింది. నురగ చేతులు గౌనుకు తుడుచుకుంది, బాగా తుడుచుకుంది, తలుపు పక్కన గోడకున్న కెమెరా ప్లగ్గు పట్టుకుని లాగేసింది.

ఎర్రచుక్క ఆరిపోయింది. మెడ కిందికి వాలింది. ఫోన్ ఇంకోలా ఒకసారి కుయ్యిమని ఊరుకుంది.

"ఏమైంది?" అన్నాడు సీ థామి. తల తిప్పబోయి మళ్ళీ గోడకే ఆనించాడు. "ఎవరు లాగారు? ఎవరది?"

ఏ మిద్దె మీదా ఎవరూ పలకలేదు. చంకలో పిల్ల ఏదో అనబోతే వాళ్ళమ్మ నోరు మూసింది.

"ఎవరు లాగారో మేమందరం చూశాం సీ థామీ," అంది రహీమూ, కర్ర మీద గడ్డం ఆనించి. "చూడ్డం ఇప్పుడు కొత్త కాదు మాకు. చెప్పం, అంతే."

ఆయన తలగుడ్డ ఇంకాస్త కిందికి లాక్కుని, గోడ తడుముకుంటూ మెట్ల వైపు జరిగాడు, కళ్ళు గట్టిగా మూసుకుని, గుడ్డివాడిలా ఒక చెయ్యి ముందుకు చాచి. బతూల్ వెనక్కి వచ్చి బేసిను ఎత్తుకుంది, మొదటి ముక్క తీసి తాడు మీద పరిచింది, కోపం ఇంకా దిగలేదు, అంత తొందరగా దిగదు. అటునుంచి కెంజా గొంతు వినబడుతోంది, చాలా రోజుల తర్వాత ఆరుబయట, పెద్దగా.

"ఎడమకు. ఇంకాస్త ఎడమకు. ఆఁ, అక్కడే మెట్టు. చూసుకుని దిగు."